ఏసీ ప్యానెల్ మార్చుడు నలభై నిమిషాలు.. దానికోసం ఎదురుచూసుడు ఇరవై రెండు దినాలు

మా బావ కరీంనగర్ల కరెంటు ట్రాలీ నడుపుతడు. జనం ఆన్‌లైన్ల బుక్ చేసుకున్న సామాన్లు గోదాంల ఎక్కించుకొని, చుట్టుపక్కల మండలాలు తిరిగి ఇండ్లకాడ దించొస్తడు. డీజిల్ బండి మీద లేని సుఖం దీంట్ల ఉందని ఎప్పుడూ చెప్తుంటడు. సప్పుడు లేదు, గేర్లు లేవు, పైంగ క్యాబిన్ల ఏసీ. పోయిన ఎండకాలం ఏప్రిల్‌ల ఒకనాడు పొద్దుగాల బండి చాలు చేస్తే ఏసీ ప్యానెల్ మీద లైట్లు రాలె. బటన్ నొక్కినా, గుండ్రంగ తిప్పేది తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. బండి మాత్రం మంచిగనే నడుస్తుంది.

ఎరుకున్న మెకానిక్ షెడ్డుకు పోయిండు. ఆయన ఇరవై ఏండ్ల సంది డీజిల్ ట్రాలీలు ఇప్పి బిగించినోడు. ఈ బండిని చూసి రెండు అడుగులు ఎనుకకు జరిగిండు. "అన్నా, ఇది కరెంటు బండి. ఏలు పెడితె మాడి మసైతం. షోరూంకే పో" అన్నడు. షోరూంల చూసి ప్యానెల్ పోయింది, మొత్తం మార్చాలె, స్టాక్ లేదు, తెప్పియ్యాలె అన్నరు. వారంటీ టైం అయిపోయింది కాబట్టి పైసలు బావనే కట్టాలె. తెప్పిస్తం తెప్పిస్తం అనుకుంట ఇరవై రెండు దినాలు తిప్పిండ్రు. బయట 43, 44 డిగ్రీల ఎండ. అద్దాలు దించితె వడగాలి, ఎత్తితె బట్టీ. నెత్తిమీద తడి తువ్వాల ఏసుకొని నడిపిండు. ఒకనాడు కళ్లు తిరిగినట్టయి చెట్టు కింద బండి ఆపి గంటసేపు పండుకున్నడు. ఆ గంటల ఇయ్యాల్సిన సామాన్లు లేటయినయని యాప్‌ల రేటింగ్ తగ్గింది.

ఆఖరికి ప్యానెల్ వచ్చిన నాడు నేను గూడ ఎంట పోయిన. పిలగాడు ఒకడు వచ్చి, ప్లాస్టిక్ పట్టీ తోటి డ్యాష్‌బోర్డ్ మూత లేపి, నాలుగు స్క్రూలు ఇప్పి, రెండు కప్లర్లు తీసి, కొత్తది పెట్టి బిగించిండు. ఫోన్‌ల టైం చూసిన. నలభై నిమిషాలు, దాంట్ల చాయ్ తాగుడు గూడ ఉంది. ఏదో పెద్ద ఆపరేషన్ అనుకొని పోయిన నాకు, గీ మాత్రం దానికా ఇన్ని దినాలు అనిపించింది.

ఆ షెడ్డు మెకానిక్ భయంల సగం నిజం, సగం అబద్ధం ఉన్నది. ఏది నిజమో ఏది అబద్ధమో తెలిస్తె రేపు ఊర్లల్ల ఈ పని మన పిలగాండ్లే చేసుకోవచ్చు. అందుకే ఈ ముచ్చట.

పాత డీజిల్ బండిల ఏసీ ఎట్ల నడుస్తదో మనకు ఎరుకే. ఇంజన్ తిరుగుతుంటె బెల్టు తిరుగుతది, బెల్టు తోటి కంప్రెసర్ తిరుగుతది. ఏసీ స్విచ్ ఏస్తే కంప్రెసర్ మీద ఉన్న మ్యాగ్నెట్ క్లచ్‌కు కరెంటు పోయి అది పట్టుకుంటది. చల్లగాలి, వేడిగాలి తిప్పే నాబ్ ఎనుక చాలా బండ్లల్ల ఇనుప కేబుల్ ఉంటది, సైకిల్ బ్రేకు తీగ లెక్క. తిప్పితె లోపల తలుపు జరుగుతది. హీటర్ అయితే ఇంజన్ వేడి నీళ్లతోటే ఫ్రీగ నడుస్తది. అంటె అక్కడ ప్యానెల్ అనేది నిజంగనే స్విచ్. చేయి పెట్టి జరిపితె అవుతలి పని జరుగుతది.

కరెంటు బండిల ఇంజనే లేదు. బెల్టు లేదు. కంప్రెసర్‌లనే మోటారు ఉంటది, అది బండి నడిపే పెద్ద బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటది. వేడిగాలి కావాలన్నా బ్యాటరీనే తినాలె. అందుకే చలి దేశాలల్ల కరెంటు బండ్లు చలికాలం తక్కువ దూరం నడుస్తయి, ఆ ఖర్చు తగ్గించుకోవడానికి కొన్నిట్ల హీట్ పంపు పెడ్తరు. మనకు ఆ బాధ లేదు, మన బాధంత చల్లదనం కోసమే.

మరి ప్యానెల్ ఏం చేస్తది? మా ఊర్ల దండోర ఏసేటాయన ఉండె. పంచాయతిల ఏం తీర్మానం అయితె అది డప్పు కొట్టి చెప్పెటోడు, అంతే. పన్ను ఆయన వసూలు చెయ్యడు, నీళ్లు ఆయన ఇడువడు. ఈ ప్యానెల్ అసుంటిదే. బావ 22 డిగ్రీలు పెడితె, "డ్రైవర్‌కు 22 కావాల్నట" అని సన్నని వైరు మీద ఒక కబురు పంపుతది. ఆ కబురు అందుకునేది లోపల ఉండే కంట్రోల్ యూనిట్. అది క్యాబిన్ వేడి ఎంత, బ్యాటరీల చార్జ్ ఎంత, గ్యాస్ ప్రెషర్ ఎంత అన్నీ చూసుకొని కంప్రెసర్‌ను ఎంత జోరుగ తిప్పాల్నో చెప్తది. ప్యానెల్‌కు వచ్చేది 12 వోల్టులే. మామూలు బైకు బ్యాటరీకి ఉన్నంత. చేతికి తగిలినా షాక్ కొట్టదు. షెడ్డు మెకానిక్ భయంల అబద్ధం ఇదీ.

నిజం ఏందంటె, అదే బండిల సీటు కింద, నేల కింద పోయే వైర్లల్ల ప్రాణం తీసే కరెంటు ఉన్నది. డీసీల 60 వోల్టులు దాటితె బండ్ల భద్రత నియమాల లెక్కన అది హై వోల్టేజ్. ఆ వైర్లకు నారింజ రంగు తొడుగు ఏస్తరు. కంప్రెసర్‌కు పోయే వైరు గూడ చానా బండ్లల్ల నారింజదే. బండి బందు చేసినా ఇన్వర్టర్ల కెపాసిటర్లు కొంతసేపు కరెంటు పట్టుకునే ఉంటయి. అందుకే వాటి పని చేసేటోళ్లు మొదలే రబ్బర్ గ్లౌజులు ఏసుకొని, సర్వీస్ ప్లగ్ పీకి, మాన్యువల్‌ల రాసినన్ని నిమిషాలు ఆగి, మీటర్ పెట్టి సున్నా వచ్చిందని చూసుకొని గాని ముట్టరు. దానికి ట్రైనింగ్ కావాలె. యూట్యూబ్ చూసి చేసే పని కాదు. తమ్ముళ్లూ, నారింజ వైరు కనవడితె చేయి ఎనుకకు తీసుకోండి. ఇండ్ల మొగతనం చూపియ్యాల్సింది ఏం లేదు.

అంటె గీత ఒకటి ఉన్నది. డ్యాష్‌బోర్డ్ ముంగట 12 వోల్టుల లోకం, బానెట్ కింద, నేల కింద నారింజ లోకం. ప్యానెల్ మార్చుడు మొదటి లోకం పని. రెండిటిని కలిపి "కరెంటు బండి ముట్టొద్దు" అనుడు తోటే మన షెడ్లకు పని పోతుంది, డ్రైవర్లకు దినాలు పోతున్నయి.

ప్యానెల్ నిజంగ పోయిందా అన్నది తేల్చుడు మార్చుడు కంటె పెద్ద పని. చానామంది ఈడనే మోసపోతరు. ప్యానెల్ మీద లైట్లు ఉండి, గాలి వస్తుండి, చల్లగ లేదనుకో. తప్పు ప్యానెల్‌ది కాకపోవచ్చు. గ్యాస్ తగ్గిందో, సెన్సర్ పోయిందో, కంప్రెసర్ కబురు వినుట్లేదో చూడాలె. లైట్లు ఉన్నయి గాని గాలే వస్త లేదంటె బ్లోయర్ మోటారు, దాని స్పీడు తగ్గించి పెంచే రెసిస్టర్ చూడాలె. ఆ రెసిస్టర్ పోతె కొన్ని బండ్లల్ల ఒక్క ఫుల్ స్పీడ్ మీదనే గాలి వస్తది, మిగతా నంబర్ల మీద రాదు. ఇగ మొత్తమే చీకటి అయిందంటె మొదలు చూడాల్సింది ఫ్యూజు. అది బాగుంటె ప్యానెల్ ఎనుక కప్లర్ల మీటర్ పెట్టాలె. 12 వోల్టు వస్తుందా, ఎర్త్ ఉందా? రెండూ ఉండి గూడ ప్యానెల్ ఎలగలేదంటె అప్పుడు అది పోయినట్టు లెక్క. రెండూ లేకపోతె కొత్త ప్యానెల్ పెట్టినా ఎలగదు. ఎలుక వైరు కొరికిందో, అద్దం కాడికెల్లి వాన నీళ్లు కారి కప్లర్ల పచ్చ చిలుము పట్టిందో చూసుకోవాలె. పది రూపాయల ఫ్యూజుకు వేల రూపాయల ప్యానెల్ కొనిచ్చే షాపులు లేవనుకోకండి. మీటర్ పెట్టి చూపియ్యి అని అడిగే హక్కు బండి ఓనర్‌కు ఉన్నది.

మార్చే పద్ధతి గూడ చెప్త. అయితే మీ బండి మాన్యువల్ చెప్పిందే ఆఖరి మాట, నాది కాదు. చార్జింగ్ గన్ పీకి పెట్టాలె. బండి చార్జింగ్ మీద ఉంటె పెద్ద బ్యాటరీకెల్లి 12 వోల్టు వైపుకు కరెంటు పంపే కన్వర్టర్ నడుస్తుంటది, మనం బ్యాటరీ వైరు పీకినా లాభం ఉండదు. రెడీ లైటు ఆరిపోయినంక తాళంచెవి దూరం పెట్టాలె. అప్పుడు చిన్న బ్యాటరీ మైనస్ వైరు ఇప్పాలె, ఇప్పి కొన్ని నిమిషాలు ఆగాలె. ఆగుడు ఎందుకంటె ఎయిర్ బ్యాగ్ ఉన్న బండ్లల్ల దానికి గూడ కొంచెం కరెంటు మిగిలి ఉంటది. డ్యాష్‌బోర్డ్ లోపల పసుపు రంగు కప్లర్లు కనవడితె అవి ఎయిర్ బ్యాగ్‌యి, వాటి జోలికి పోవద్దు.

మూత లేపేటప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి ఎగేస్తె క్లిప్పులు ఇరుగుతయి, గీతలు పడుతయి. ప్లాస్టిక్ పట్టీ వంద రూపాయలు గూడ ఉండది. ఇప్పే ముందల ఫోన్‌ల ఫొటో కొట్టుకోవాలె, ఏ కప్లర్ ఎటుందో. కప్లర్‌కు గోరంత లాక్ ఉంటది, దాన్ని ఒత్తి పట్టుకొని తియ్యాలె, వైర్లు పట్టి గుంజితె పిన్ను ఊడి లోపలికి పోతది. అప్పుడు నిజంగనే పెద్ద ఖర్చు. కొత్త ప్యానెల్ ఎనుక స్టిక్కర్ మీద పార్ట్ నంబర్ పాతదాని తోటి అక్షరం అక్షరం కలపాలె. బయటికి ఒక్క తీరుగనే కనవడుతయి గాని ఆఖరి అక్షరం మారితె లోపల సాఫ్ట్‌వేర్ వేరే అయి ఉండొచ్చు. బిగించి, మైనస్ వైరు పెట్టి, బండి ఆన్ చేసినంక లోపల గాలి తలుపులు తిప్పే చిన్న మోటార్లు టిక్ టిక్ మని సప్పుడు చేస్తుంటయి. అవి తమ మొదలు, కొస కొలుచుకుంటుంటయి. ఆ నిమిషం బటన్లు నొక్కకుండ ఇడిసిపెట్టాలె.

బావ బండిల గూడ ఇదంత మంచిగనే అయింది. లైట్లు వచ్చినయి, గాలి వచ్చింది. చల్లదనం రాలె. కొత్త ప్యానెల్‌ను బండి గుర్తు పట్టలేదట. ల్యాప్‌టాప్ పెట్టి దీని నంబర్ ఆ బండికి రాయాలె, ఆ ల్యాప్‌టాప్ హైదరాబాద్ల ఉన్నదన్నరు. ఇరవై రెండు దినాలల్ల ఆఖరి రెండు దినాలు దానికోసమే పోయినయి. బిగించే చేతులు కరీంనగర్ల ఉన్నయి, తాళం మాత్రం హైదరాబాద్ల ఉన్నది.

ప్యానెల్ రాని దినాలల్ల ఒకాయన బావకు సలహా ఇచ్చిండట, "వైరు డైరెక్ట్ ఏద్దాం, ఒక స్విచ్ పెడితె అయిపాయె" అని. బ్లోయర్ ఫ్యాన్ వరకు 12 వోల్టుదే కాబట్టి, సరైన ఫ్యూజు పెడితె ఉత్త గాలి వస్తదేమో. కంప్రెసర్ మాత్రం అట్ల తిరగదు. దానికి కావాల్సింది కబురు, స్విచ్ ఏసి కరెంటు ఇస్తె తిరిగే మ్యాగ్నెట్ క్లచ్ దానికి లేదు. డైరెక్ట్ ఏస్తం అని నారింజ వైరు కాడికి పోతె మనిషి మిగలడు.

ఇంకో ముచ్చట షెడ్లల్ల ఏసీ గ్యాస్ నింపేటోళ్లకు. కరెంటు కంప్రెసర్ల మోటారు చుట్టలు గ్యాస్, ఆయిల్ నడిమిట్లనే ఉంటయి. అందుకే చానా వరకు దాంట్ల కరెంటు పారనియ్యని పీఓఈ ఆయిల్ పోస్తరు. డీజిల్ బండ్లల్ల పోసే పీఏజీ ఆయిల్ కొంచెం కలిసినా ఇన్సులేషన్ తగ్గి, బండి హై వోల్టేజ్ లీకేజ్ అని చూపెట్టి మొరాయించొచ్చు. ఒక్క డబ్బా తేడాకు కంప్రెసర్ మొత్తం పోతది. బండి మీద ఏ గ్యాస్, ఏ ఆయిల్ అని స్టిక్కర్ ఉంటది, సదివి పోయండి. ఆయిల్ కలిసిన పైపు, మీటర్ సెట్టు గూడ వేరే పెట్టుకోండి.

ఇగ అసలు బాధ కాడికి వద్దాం. ప్యానెల్ బాగున్న దినాలల్ల గూడ మా బావ ఏసీ గంట ఏసి గంట ఆపుతడు. లెక్క జూడుండ్రి. అందరికి తెలిసిన బండి ఒకటి తీసుకుందాం, బావ బండి అది కాదు గాని లెక్క కోసం. 2022ల వచ్చిన టాటా ఏస్ ఈవీ బ్యాటరీ 21.3 యూనిట్లు, కాయితం మీద 154 కిలోమీటర్లు. అంటె ఒక యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు. అసుంటి బ్యాటరీ మీద గంటకు ఒక యూనిట్ తినే ఏసీ నడిచిందనుకో, గంటకు ఏడు కిలోమీటర్లు పాయె. ఎనిమిది గంటలు నడిస్తె 56. లోడు తోటి అసలు రోడ్డు మీద 154 ఎవ్వరికి రాదు, అండ్లకెల్లి ఇది గూడ పోవాలె. డెలివరీకి ఇంత అని పైసలొచ్చే మనిషి చల్లగాలి కొనుక్కునేది తన ట్రిప్పులు తగ్గించుకొనే. పొద్దుగాల చార్జింగ్ మీద ఉన్నప్పుడే క్యాబిన్ చల్లగ చేసుకొని ఎల్లితె కొంత మిగులుతది, ఆ వసతి ఉన్న బండ్లల్ల. నీడకు బండి ఆపుడు గూడ పనికొస్తది. అయినా మధ్యాహ్నం రెండు గంటలకు ఈ ఉపాయాలు ఎంతవరకు పనిచేస్తయో నడిపేటోళ్లకే తెలుసు.

లారీలకు సర్కారు ఒక మంచి పని చేసింది. కొత్తగ తయారయ్యే ఎన్2, ఎన్3 రకం లారీలకు ఏసీ క్యాబిన్ ఉండాల్సిందేనని 2023 డిసెంబర్‌ల నోటిఫికేషన్ ఇచ్చింది. ఎన్2, ఎన్3 అంటె మూడున్నర టన్నులు దాటిన బండ్లు. మా బావ నడిపే చిన్న ట్రాలీ దానికంటె తక్కువ, అది ఎన్1. ఆ రూలు దానికి రాదు. హైవే మీద పోయే డ్రైవర్‌కు ఎండ కొడ్తది గాని గల్లీలల్ల రోజుకు వందసార్లు దిగి ఎక్కేటోడికి కొట్టదా? 2025 ఏప్రిల్‌ల మన రాష్ట్ర సర్కారే వడదెబ్బను విపత్తుల లెక్కల చేర్చింది, చనిపోతె నాలుగు లక్షలు ఇస్తమన్నది. చచ్చినంక ఇచ్చే పైసల ముచ్చట సరే, బతికి ఉండంగ క్యాబిన్ చల్లగుండే ముచ్చట ఎవరు మాట్లాడాలె? వానకాలంల గూడ ఈ ప్యానెల్ ఉత్త సుఖానికి కాదు. అద్దం మీద మంచు పడితె తుడిచేది ఆ గాలే. అది రాకపోతె ముంగట రోడ్డు కనవడది.

విడిభాగాలు, ల్యాప్‌టాప్ల ముచ్చట కొత్తది కాదు. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్లకు పైంగ జరిమానా ఏసింది. ఎందుకంటె, స్పేర్ పార్టులు, రిపేర్ మాన్యువళ్లు, లోపాలు పట్టే మిషన్లు బయటి మెకానిక్‌లకు అందకుండ చేసిండ్రని. కంపెనీలు పై కోర్టులకు పోయినయి. 2022 డిసెంబర్‌ల కేంద్రం రైట్ టు రిపేర్ అని ఒక పోర్టల్ తెరిచింది, బండ్లు, ఎవుసం మిషన్లు, ఫోన్లు, ఇంట్ల సామాన్లు అండ్ల ఉన్నయి. అది సమాచారం పెట్టే వేదిక, ఇయ్యకపోతె కొట్టే కట్టె కాదు. డీజిల్ బండి కాలంలనే ఇయ్యనోళ్లు, ప్రతి భాగానికి సాఫ్ట్‌వేర్ తాళం పడ్డ కరెంటు బండి కాలంల ఉత్తగనే ఇస్తరా?

మన పిలగాండ్లకు ఒక దారి మాత్రం ఉన్నది. ఐటీఐలల్ల ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ అని రెండేండ్ల ట్రేడ్ వచ్చింది. మన రాష్ట్రంల 65 ఐటీఐలను కొత్త మిషన్లతోటి మార్చే పని 2024ల మొదలైంది. పది పాసై ఏం చెయ్యాల్నో తెలువక ఫోన్ పట్టుకొని కూసున్న తమ్ముడు ఉంటె, దగ్గర ఐటీఐల ఈ ట్రేడ్ ఉందా అని అడిగి రావచ్చు. నారింజ వైరు పని గూడ భయం లేకుండ, పద్ధతి ప్రకారం నేర్చుకునే జాగ అదే. నేర్చుకున్నంక మండలంల షెడ్డు పెడితె ల్యాప్‌టాప్ తాళం మల్ల అడ్డం వస్తది, అది వేరే కొట్లాట.

బావ పాత ప్యానెల్‌ను షోరూంల ఇడిసిపెట్టలేదు, అడిగి తెచ్చుకున్నడు. బస్టాండ్ ఎనుక ఫోన్లు బాగుచేసే పిలగాని కాడికి పట్టుకపోయినం. మూత ఇప్పి చూస్తె ఒక మూలకు ఎండిపోయిన చాయ్ మరక, దాని కింద ఎంట్రుక అంత గీత మాడిపోయి ఉన్నది. స్పిరిట్‌తోటి కడిగి, సన్నని తీగ పెట్టి టంకం ఏసి, 12 వోల్టు ఇచ్చి చూపెట్టిండు. లైట్లు వచ్చినయి. రెండు వందలు తీసుకున్నడు. బండిల పెట్టి చూద్దామంటె మల్ల ఆ ల్యాప్‌టాప్ కావాల్నేమోనని బావ ఒప్పుకోలె. ఇప్పుడది సీటు ఎనుక సంచిల ఉన్నది.